పేరుకే పెళ్లి!

జర్మనీలో రాజులంతా గద్దె దిగిన ఏడు నెలలకు బెర్లిన్‌లో ఓ మూకీ సినిమా విడుదలైంది. అందులో ఒక కోటీశ్వరుడి కూతురు రాకుమారుడనుకుని అతని స్నేహితుణ్ని చర్చి ఫాదర్ దగ్గరికి లాక్కెళ్తుంది. తీరా చూస్తే పెళ్లి మాత్రం రాకుమారుడితోనే అయి కూర్చుంటుంది! ఎర్న్‌స్ట్ లూబిచ్ 1919లో తీసిన ‘ఆల్చిప్పల రాకుమారి’ కథాకమామిషు ఇది.

కోటీశ్వరుడి కూతురు ఒస్సీకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. గదిలో పగిలే వస్తువు ఒక్కటీ మిగల్లేదు. ఏం జరిగిందోనని తండ్రి వచ్చేసరికి దినపత్రికలు ఎగిరొచ్చి మీద పడుతున్నాయి. పేపర్లెందుకు విసురుతున్నావని ఆయన అడిగితే, పూలకూజాలన్నీ అప్పుడే పగిలిపోయాయి మరి అంటుంది.

ఇంత రభసకూ కారణం ఓ పెళ్లి వార్త. షూ పాలిష్ వ్యాపారంలో రాజనిపించుకున్న ఓ పెద్దమనిషి కూతురు ఏకంగా ఓ కౌంటును పెళ్లి చేసుకుంది. షూ పాలిష్ డబ్బుకే కౌంటు దొరికితే, ఆల్చిప్పలు అమ్మి అమెరికాను ఏలుతున్న మిస్టర్ క్వేకర్ డబ్బుకు అంతకన్నా పై మెట్టు అల్లుడు దొరకాలి కదా! నీకో రాకుమారుణ్ని కొనిపెడతాలే అంటాడు తండ్రి, చుట్ట నోట్లోంచి తీయకుండా. ఆ మాటకు ఒస్సీ ఆనందం పట్టలేకపోతుంది. ఎంత ఆనందమంటే, ఇప్పుడు ఇల్లు మొత్తం పగలగొట్టాలని ఉందంటుంది.

అక్కణ్నుంచి కథ పరుగే పరుగు. కబురు పెళ్లిళ్ల పేరయ్య సెలిగ్‌సోన్‌కు చేరుతుంది. ఆయన చేతిలో ఉన్న సరుకు రాకుమారుడు నుకీ. వంశం గొప్పదే గానీ జేబులో చిల్లిగవ్వ లేదు. జోసెఫ్ అనే స్నేహితుడితో కలిసి ఓ ఇరుకు గదిలో ఉంటాడు. వాళ్ల బట్టలు వాళ్లే ఉతుక్కుని గదిలోనే తాడు కట్టి ఆరేసుకుంటారు. పేరయ్య గుమ్మంలోకి వచ్చాడని తెలియగానే ఇద్దరికీ కంగారు. ఓ కుర్చీని ఎత్తు మీదికెక్కించి, దాన్నే సింహాసనం చేసుకుని నుకీ కూర్చుంటాడు. జోసెఫ్ బంట్రోతు అవతారమెత్తుతాడు. పేరయ్య వెళ్లేదాకా అది రాచకొలువే.

సంబంధం మాట విని నుకీ ఎగిరి గంతేయడు. పిల్లెలా ఉందో ముందు నువ్వెళ్లి చూసిరా అని తన విజిటింగ్ కార్డు జోసెఫ్ చేతిలో పెడతాడు. పెళ్లిచూపులకు పెళ్లికొడుకు బదులు స్నేహితుడు బయల్దేరాడన్నమాట. ఒస్సీ కార్డు చూస్తుంది. కార్డు తెచ్చిన మనిషిని చూస్తుంది. మనిషి నచ్చలేదు, ఆ సంగతి దాచదు కూడా. అయినా ఆమెకు ఆగే ఓపిక లేదు. బండెక్కించి తీసుకెళ్లిపోతుంది. ఫాదర్ ఇంటి ముందు బండి ఆగితే ఆయన కిటికీలోంచే పెళ్లి జరిపించేస్తాడు. వరుడి పేరు దగ్గర కార్డు మీదున్న పేరే పడుతుంది. ఒస్సీ ఇప్పుడు ప్రిన్సెస్ నుకీ. ఆ నుకీ ఎక్కడో స్నేహితులతో తాగుతూ కూర్చున్నాడు. తనకు పెళ్లైపోయిందని అతనికే తెలియదు.

ఆ జూన్ నెలలో బెర్లిన్

ఈ కథను ఏ వియన్నా రంగస్థలం మీదో 1907లో చూపించి ఉంటే జనం నవ్వుకుని ఇంటికెళ్లి నిద్రపోయేవాళ్లు. విడుదలైంది 1919 జూన్ 20న. వెర్సాయ్ ఒప్పందం మీద జర్మనీ సంతకం పెట్టింది సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత, జూన్ 28న. అంతకుముందు ఏడాది నవంబర్ 9న కైజర్ విల్‌హెల్మ్ పదవీచ్యుతి ప్రకటన వెలువడింది. మర్నాడే ఆయన నెదర్లాండ్స్ దారి పట్టాడు. పోయింది ఆయనొక్కడే కాదు. జర్మన్ సామ్రాజ్యంలో నాలుగు రాజ్యాలు, డ్యూకుల, ప్రిన్సుల సంస్థానాలు కలిపి మొత్తం 22 రాచరికాలుండేవి. కొద్ది వారాల్లోనే అన్నీ కుప్పకూలాయి. అంటే ఆ వేసవిలో పనిలేని రాకుమారులకు బెర్లిన్‌లో కొదవ లేదు. థియేటర్లో నుకీని చూసినవాళ్లకు అతను కల్పిత పాత్రగా కనిపించి ఉంటాడా అన్నది నా అనుమానం.

ఇంకో సంగతి. నుకీ పెళ్లి కిటికీలో జరిగిన రెండు నెలల్లోపే, ఆగస్టులో, వైమార్ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. పుట్టుకతో వచ్చే ప్రత్యేక హక్కులన్నిటినీ అది రద్దు చేసింది. ప్రిన్స్, కౌంట్, బ్యారన్ లాంటి బిరుదులను నిషేధించలేదు గానీ, వాటిని ఇంటిపేరులో ఓ ముక్కగా మార్చేసింది. ఇక మీదట రాకుమారుడు అన్నది హోదా కాదు, పేరు. లూబిచ్ సినిమా ఆ సంగతిని చట్టం కన్నా ముందే పసిగట్టింది. అందులో రాచరికం మొత్తం ఒక అట్టముక్క మీద అచ్చేసిన పేరులో ఉంది. ఆ అట్టముక్క ఎవరి చేతిలో ఉంటే వాడే వరుడు.

ఆ రోజుల్లో తిండి మాట కూడా చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మొదలుపెట్టిన సముద్ర దిగ్బంధం యుద్ధం ఆగినా ఆగలేదు. 1919 జులైలో గానీ ఎత్తేయలేదు. 1916-17 చలికాలంలో బంగాళదుంపలు కూడా దొరక్క పశువులకు వేసే టర్నిప్ దుంపలు తిని బతికిన జనం వాళ్లు. అలాంటివాళ్ల ముందు లూబిచ్ ఓ పెళ్లివిందు పెట్టాడు. పొడవాటి బల్లలు, వరసలు వరసలుగా అతిథులు, ఒక్కో అతిథి వెనక ఒకరికి మించి వడ్డించేవాళ్లు. ఒకరు సూపు తెస్తే ఇంకొకరు దాని వెనకే మరోటి పట్టుకుని సిద్ధం. ఈ వైభవం మధ్య పెళ్లికొడుకు స్థానంలో కూర్చున్న జోసెఫ్‌కు పెళ్లికూతురి మీద ధ్యాసే లేదు. వచ్చిన ప్లేటు వచ్చినట్టు ఖాళీ చేస్తూ, గ్లాసు మీద గ్లాసు దించుతూ పోతాడు. మామగారి కోట్లు, భార్య అందం, దొంగ హోదా, ఇవేవీ అతనికి పట్టవు. చాలా రోజుల తర్వాత కడుపు నిండా తింటున్నాడు, అంతే. థియేటర్లో ఉన్న బెర్లిన్ జనానికి ఆ సినిమాలో తమ మనిషి ఎవరో వేరే చెప్పాలా?

యూలియుస్ ఫాల్కెన్‌స్టైన్ ఈ పాత్ర వేశాడు. బట్టతల, సన్నని ఒళ్లు, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే మొహం. ఆయన తినే తీరు చూస్తే మూకీల్లో నటన అంటే చేతులూపడం, కళ్లు తిప్పడం అనుకునేవాళ్లు అభిప్రాయం మార్చుకుంటారు.

డాలర్లకు కిరీటాలు

వరుణ్ని డబ్బిచ్చి కొనుక్కోవడం తెలుగువాళ్లకు వింతేమీ కాదు. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాసింది ఆ బేరం మీదే. అయితే లూబిచ్ వెక్కిరించిన బేరం రకం వేరు. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో రైలుమార్గాలు, గనులు, యంత్రాల మీద కుప్పలుగా డబ్బు చేసుకున్న కుటుంబాలకు లేనిది వంశం. ఐరోపా ప్రభువులకు ఉన్నదల్లా వంశం, కురుస్తున్న కోట పైకప్పులు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏముంటుంది?

1895లో కాన్సుయెలో వాండర్‌బిల్ట్ ఇంగ్లండ్‌లోని మార్ల్‌బరో డ్యూకును పెళ్లాడింది. ఆ అమ్మాయికి ఇష్టం లేదు, తల్లి పట్టుబట్టింది. కట్నం కింద ముట్టింది ఇరవై అయిదు లక్షల డాలర్ల విలువైన రైల్వే వాటాలు. అదే ఏడాది రైల్‌రోడ్ల కుబేరుడు జే గౌల్డ్ కూతురు అన్నా ఓ ఫ్రెంచి కౌంటును చేసుకుంది. కుట్టుమిషన్ల సింగర్ గారి అమ్మాయి విన్నరెట్టా 1893లో ప్రిన్స్ ఎడ్మండ్ ద పోలిన్యాక్‌కు భార్య అయింది. కుట్టుమిషన్ల రాకుమారి నిజంగానే ఉన్నప్పుడు ఆల్చిప్పల రాకుమారిని అతిశయోక్తి అనడం కుదరదు. ఈ పెళ్లిళ్ల గోల ఎంతగా పాకిందంటే, లియో ఫాల్ 1907లో ‘డాలర్ రాకుమారి’ అనే ఆపెరెట్టా, అంటే తేలికపాటి సంగీత నాటకం, కట్టాడు. జర్మన్ భాష మాట్లాడే ఊళ్లలో అది బాగా ఆడింది. లూబిచ్ సినిమా పేరు వినగానే అప్పటి జనానికి ఆ నాటకం గుర్తొచ్చే ఉంటుంది.

తేడా ఏమిటంటే, ఆపెరెట్టాల్లో చివరికి డబ్బు కన్నా మనసు గొప్పదని తేలుతుంది. లూబిచ్ ఆ జోలికే పోలేదు. క్వేకర్‌కు డబ్బు చేయలేని పని ఏదీ కనిపించదు, సినిమా కూడా అతని మాట కాదనదు. తొలి దృశ్యంలోనే చూడండి. విశాలమైన హాల్లో టైపిస్టుల దండు. క్వేకర్ డిక్టేట్ చేస్తుంటే అందరి వేళ్లూ ఒకేసారి కదులుతుంటాయి. చుట్ట పట్టుకోవడానికి ఒకడు, కాఫీ తాగించడానికి ఒకడు, తల దువ్వడానికి ఇంకొకడు. విక్టర్ యాన్‌సన్ క్వేకర్ వేషంలో తన భారీ శరీరాన్ని కుర్చీలో పడేసి, ఏ వార్త విన్నా ఒకటే మాట: ఇది నాకేమంత గొప్పగా అనిపించలేదు. కూతురు ఇల్లు పగలగొడుతోందన్నా అదే. ఇంటికి రాకుమారుడొచ్చాడన్నా అదే.

నేల మీది ముగ్గు

జోసెఫ్ క్వేకర్ భవంతిలోకి అడుగుపెట్టాక వచ్చే దృశ్యం ఒకటుంది. లూబిచ్ గురించి రాసేవాళ్లెవరూ దాన్ని దాటిపోరు. నేనూ దాటిపోను.

కార్డు లోపలికెళ్లింది. ఒస్సీ స్నానానికి వెళ్లింది. ఆమె స్నానం కూడా ఓ పెద్ద తతంగం. పనమ్మాయిల వరస ఒకటి ఆమెను ఎత్తుకెళ్తుంది, తొట్టిలో దింపుతుంది, రుద్దుతుంది, తుడుస్తుంది, ఒళ్లు పడుతుంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఆమె కదిలిపోతుంటుంది. హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టింది 1913లో. క్వేకర్ ఇంట్లో కూతురు కూడా అలాగే తయారవుతుంది.

కింద హాల్లో జోసెఫ్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటికీ ఎవరూ రారు. కూర్చోమనేవాడు లేడు. ఆ హాలు నేల మీద చిక్కు ముగ్గు లాంటి పెద్ద డిజైన్ పరిచి ఉంది. కాసేపు అటూ ఇటూ తిరుగుతాడు. తర్వాత ఒక గీత మీద కాలు పెడతాడు. ఆ గీత వెంటే నడుస్తాడు. మూల దగ్గర గీత మలుపు తిరిగితే తనూ తిరుగుతాడు. మెల్లగా పట్టు దొరుకుతుంది. చిన్న గంతులు, వెనక్కి అడుగులు, కొన వరకు వెళ్లి చటుక్కున మళ్లడం. కెమెరా దూరంగా, ఎత్తులోంచి చూస్తుంటుంది. అంత పెద్ద నేల మీద నల్ల కోటు తొడుక్కున్న సన్నటి మనిషి ఒక్కడు. విసుగు, అవమానం, పేదరికం, అన్నీ కలిపి ఆ కాళ్లలోకి వచ్చేశాయి. ఒక్క టైటిల్ కార్డు లేదు. నవ్వొస్తుంది. నవ్వుతుండగానే కాస్త సిగ్గేస్తుంది కూడా.

లూబిచ్ కూడా ఈ దృశ్యాన్ని చివరిదాకా మర్చిపోలేదు. చనిపోయిన ఏడాదే, 1947లో, సినీ విమర్శకుడు హెర్మన్ వైన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరంలో తన పనినంతా నెమరేసుకుంటూ, తనకంటూ ఒక శైలి కనిపించిన మొదటి కామెడీ ఇదేనన్నాడు. ఈ నేల దృశ్యాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి, హాస్యం నుంచి వ్యంగ్యానికి తాను మళ్లింది ఇక్కడేనని చెప్పుకున్నాడు.

ఆ మలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. లూబిచ్ 1892లో బెర్లిన్‌లో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి సైమన్ ఆడవాళ్ల కోట్లు కుట్టించి అమ్మే దర్జీ. కొడుకు తన వ్యాపారం అందుకోవాలని ఆయన కోరిక. కొడుకు పగలు కొట్లో లెక్కలు రాసి, రాత్రి నాటకాలకు పోయేవాడు. 1911లో మాక్స్ రైన్‌హార్ట్ నాటక సంస్థలో చేరి చిన్నాచితకా వేషాలేశాడు. సినిమాల్లోకి వచ్చింది కూడా హాస్యనటుడిగానే. ఎవరు ఏ బట్ట తొడుక్కుంటే ఎదుటివాడి కళ్లల్లో ఏమవుతారన్నది దర్జీ కొట్టులో పెరిగినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. గుమ్మం దగ్గర ఎవరిని ఎంతసేపు నిలబెడతారో, చిన్న వేషాలు వేసి తిరిగినవాడికి అనుభవమే.

సినిమా తీసిన పాగు కంపెనీ అప్పటికే యూఎఫ్ఏ అనే సినిమా సంస్థలో కలిసిపోయింది. ఈ యూఎఫ్ఏ 1917లో ఎందుకు పుట్టిందనుకున్నారు? జర్మన్ సైన్యాధికారుల చొరవతో, యుద్ధ ప్రచారం కోసం. ఆ డబ్బుతో, ఆ స్టూడియోలో, రెండేళ్లు తిరక్కుండా రాకుమారుల మీద ఇంత వెటకారం! 1918 నవంబర్లో విప్లవ ప్రభుత్వం సెన్సార్‌ను ఎత్తేసింది. మళ్లీ సినిమా చట్టం వచ్చేదాకా, అంటే 1920 మే దాకా, కత్తెర పట్టుకునేవాడు లేడు. ఈ సినిమా ఆ సందులో వచ్చింది.

ఫాక్స్‌ట్రాట్ అనే అంటురోగం

విందు మధ్యలో టైటిల్ కార్డు ఒకటి పడుతుంది, ఫాక్స్‌ట్రాట్ అంటురోగం మొదలైందని. బ్యాండ్ మాస్టరుగా పద్దెనిమిదేళ్లు దాటని కుర్ట్ బోయిస్. చేతిలో బ్యాటన్ ఉన్నా కచేరీ నడిపేది ఎక్కువగా అతని నడుమే. బ్యాండులో మామూలు వాయిద్యాలతో పాటు రంపం ఉంటుంది, పిస్తోలు ఉంటుంది. ఒకడి చెంప కూడా వాయిద్యమే, తాళానికి తగ్గట్టు దాని మీద దెబ్బ పడుతుంటుంది. అతిథులు ఆ నృత్యం మొదలుపెడతారు. ఆ ఊపు వడ్డించేవాళ్లకు పాకుతుంది, మెట్లెక్కుతుంది, వంటింట్లోకి దిగుతుంది. యజమాని, నౌకరు అన్న తేడా లేకుండా ఇల్లంతా ఊగిపోతుంటుంది.

ఆ పిచ్చి లూబిచ్ పుట్టించింది కాదు. యుద్ధకాలంలో బెర్లిన్‌లో బహిరంగ నృత్యాలు నిషేధం. 1918 డిసెంబర్ 31 రాత్రి ఆ నిషేధం తీసేశారు. జనవరిలో వీధుల్లో కాల్పులు జరుగుతుంటే పక్క సందులో డ్యాన్సు హాళ్లు కిటకిటలాడాయి. ఆ నగరం స్పానిష్ ఫ్లూ చేతిలోనూ చాలామందిని పోగొట్టుకుంది. అందుకే, నృత్యాన్ని అంటురోగమనడంలోని నవ్వు థియేటర్లో కూర్చున్నవాళ్లకు మనకు కనిపించే దానికన్నా చేదుగా ఉండి ఉంటుంది.

దృశ్యాన్ని కూర్చిన పద్ధతి చూడాలి. థియోడోర్ స్పార్కూల్ కెమెరా ఎక్కువ భాగం కదలదు. కదిలేది జనమే. వందల కాళ్లు ఒక లయలో పడుతుంటే శబ్దం లేకపోయినా తాళం వినిపిస్తుంది. మాట రాని సినిమాలో సంగీతాన్ని చూపించడం ఎలాగన్న ప్రశ్నకు ఇంత హుషారైన జవాబు ఆ కాలంలో నేను మరెక్కడా చూడలేదు.

పెళ్లికొడుకు మారితే ఏం?

రాజవంశం, మారుపేరు, ప్రేమ కలిపిన కథలు ఆ రోజుల్లో బోలెడు. ఆంథొనీ హోప్ 1894లో రాసిన ‘ప్రిజనర్ ఆఫ్ జెండా’తో ఆ ఊపు మొదలైంది. అమెరికాలో జార్జ్ బార్ మెక్‌కచన్ ‘గ్రాస్టార్క్’ అనే కల్పిత రాజ్యాన్ని పుట్టించి వరసగా నవలలు రాశాడు. వాటిలో ఒకటైన ‘బెవర్లీ ఆఫ్ గ్రాస్టార్క్’ను 1926లో మరియన్ డేవిస్‌తో మూకీగా తీశారు. రాకుమారుడైన కజిన్ గాయపడితే ఆ అమెరికా పిల్ల జుట్టు కత్తిరించుకుని మగవేషం వేసి అతని స్థానంలో కూర్చుంటుంది. కాపలాగా ఉన్నవాణ్ని ప్రేమిస్తుంది. చివరికి ఆ కాపలావాడు పక్క రాజ్యపు రాకుమారుడని తేలుతుంది. చూడ్డానికి బాగుంటుంది, చివరి రీలు రంగుల్లో మెరిసిపోతుంది కూడా. కానీ ఇలాంటి కథలన్నిటికీ ఒకే నమ్మకం ఆధారం: నెత్తురు దాగదు. గొర్రెల కాపరి వేషంలో ఉన్నా రాచబిడ్డ రాచబిడ్డే, ముసుగు తీయగానే లోకం మళ్లీ చక్కబడుతుంది.

లూబిచ్ సినిమాలో ముసుగు తీసినా మారేదేమీ లేదు. పెళ్లి రాత్రి జోసెఫ్‌ను వేరే గదిలో పడుకోబెట్టి ఒస్సీ తన గదికి పోతుంది. మర్నాడు కోటీశ్వరుల కూతుళ్లు నడిపే తాగుడు వ్యతిరేక సంఘం సమావేశం. రాత్రంతా స్నేహితులతో తాగిన నుకీని అక్కడికే తెస్తారు. మనిషి అందగాడు. నుకీ వేషం వేసిన హ్యారీ లీట్కె అప్పటి జర్మన్ తెర మీద ఆడవాళ్ల కలలరాజు మరి. అతనికి వైద్యం నేను చేస్తానంటే నేను చేస్తానని సభ్యురాళ్లంతా ఎగబడతారు. పంచాయితీ బాక్సింగ్ దాకా పోతుంది. తొడుగులు తొడిగిన కోటీశ్వరుల కూతుళ్లు ఒకరినొకరు బాదుకుంటుంటే, ఒస్సీ అందరినీ పడగొట్టి రోగిని తన గదికి తీసుకుపోతుంది. ఇద్దరికీ ప్రేమ పుడుతుంది. ఆమెకు అతని పేరు తెలియదు. తనకు పెళ్లైపోయిందన్న సంగతి గుర్తొచ్చి బెంగపడుతుంది.

అప్పుడు జోసెఫ్ వస్తాడు. వాళ్లను చూసి కోప్పడడు, పగలబడి నవ్వుతాడు. మీ ఇద్దరికీ నిన్ననే పెళ్లైపోయింది కదా అంటాడు. నిజమే, పెళ్లి నుకీ పేరు మీద జరిగింది. మనిషి మారాడు గానీ పేరు మారలేదు. మళ్లీ పెళ్లి చేయాల్సిన పని కూడా లేదు. మనుషుల్లో పొరపాటు జరిగింది, కాగితంలో జరగలేదు, కాబట్టి పొరపాటే జరగలేదు! పొరపడిన వరుడి కథలు ఎన్ని చూసినా, ఆ ముడి ఇంత చల్లగా విడిపోవడం అరుదు. ప్రేమ గెలిచిందంటారా? గెలిచింది. కానీ ముందు రోజు ఆ ముక్కూ మొహం తెలియని మనిషితో పెళ్లి జరుగుతున్నప్పుడు కూడా లోకమంతా ఇంతే సంబరంగా ఉంది. విందు జరిగింది, ఫాక్స్‌ట్రాట్ జరిగింది. జోసెఫ్ బదులు ఏ పాలవాడొచ్చినా జరిగేది. సినిమా పదును నాకు అక్కడ కనిపిస్తుంది. లూబిచ్ రాకుమారుణ్ని తిట్టలేదు, అతను లేకపోయినా పని నడుస్తుందని చూపించాడు.

ముగింపులో అల్లుడూ కూతురూ భోజనం బల్ల దగ్గర్నుంచి మెల్లగా జారుకుంటారు. మామగారు వెనకే వెళ్లి తాళం కన్నంలోంచి తొంగిచూస్తాడు. సినిమా మొత్తంలో ఏ ఒక్కదానికీ చలించని క్వేకర్ మొదటిసారి ఇది బ్రహ్మాండమంటాడు. తలుపు వెనక జరిగేది చూపించకుండా తలుపునే చూపించి నవ్వించడం లూబిచ్‌కు తర్వాత హాలీవుడ్‌లో పెద్ద పేరు తెచ్చింది. దానికిది తొలిరూపం.

అన్నీ మెచ్చుకోలు మాటలే రాస్తే అబద్ధమవుతుంది. క్వేకర్ చుట్టూ నల్లజాతి నౌకర్లను ఐశ్వర్యానికి అలంకారాలుగా నిలబెట్టడం ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది, ఆ కాలం అంతేలే అని సర్దుకున్నా. తాగిన నుకీ, స్నేహితులు ఊగుతూ తూగుతూ నడిచే ఘట్టం కొంచెం సాగింది. గంట సినిమాలో కూడా సాగదీత ఉంటుందని అదొక రుజువు.

తర్వాత ఎవరేమయ్యారు?

1919 ఒక్క ఏడాదిలోనే లూబిచ్ ఇంకా ఏం తీశాడో చూస్తే కళ్లు తిరుగుతాయి. సెప్టెంబర్లో ఫ్రెంచి విప్లవం నేపథ్యంగా పోలా నెగ్రీతో ‘మదాం దుబారీ’. డిసెంబర్లో మళ్లీ, ఇక్కడ ఒస్సీ పాత్ర వేసిన ఒస్సీ ఒస్వాల్డాతో ‘బొమ్మ’. అందులో వరుడు మరబొమ్మను పెళ్లాడుతున్నాననుకుని బొమ్మలు చేసేవాడి కూతుర్ని పెళ్లాడతాడు. ఒకటేమో రాచరికం తల నరికితే, ఇంకోటి పొరపడిన పెళ్లికి ఇంకో మెలిక వేసింది. ‘మదాం దుబారీ’ అమెరికాలో ఆడింది. దాంతో 1922 చివర్లో మేరీ పిక్‌ఫర్డ్ పిలుపు మీద లూబిచ్ ఓడెక్కాడు. అక్కడ కూడా రాచకొలువులను వదల్లేదు. 1927లో ‘స్టూడెంట్ ప్రిన్స్’, 1929లో ‘లవ్ పరేడ్’, 1934లో ‘మెర్రీ విడో’. ఒకరనుకుని ఇంకొకరని పొరబడడాన్నీ వదల్లేదు. 1942లో ‘టు బీ ఆర్ నాట్ టు బీ’ తీసినప్పుడు ఆ పాత పరికరాన్ని నాజీల మీదికి తిప్పాడు. ఓ నాటక కంపెనీ నటులు నాజీ అధికారుల వేషాల్లో అసలు నాజీలను బోల్తా కొట్టిస్తారు. యూనిఫాం ఉంటే చాలు, లోపల ఎవరున్నారని ఎవరూ చూడరన్నది దాని కిటుకు. విజిటింగ్ కార్డు యూనిఫాం అయింది, పందెం ప్రాణాలదైంది. లూబిచ్ జర్మన్ పౌరసత్వాన్ని హిట్లర్ ప్రభుత్వం 1935లోనే రద్దు చేసింది. అతనితో కలిసి ‘ఆల్చిప్పల రాకుమారి’ కథ రాసిన హాన్స్ క్రేలీ కూడా హాలీవుడ్ వెళ్లి, లూబిచ్ తీసిన ‘ది పేట్రియట్’ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ అందుకున్నాడు.

ఒస్సీ ఒస్వాల్డాను జర్మన్ మేరీ పిక్‌ఫర్డ్ అనేవాళ్లు. నాకా పోలిక నచ్చదు. పిక్‌ఫర్డ్‌లో ముద్దు ఎక్కువ. ఒస్సీ తెర మీద కాలు నేలకేసి కొడుతుంది, పళ్లు నూరుతుంది, దొర్లుతుంది, అదే ఊపులో గలగలా నవ్వేస్తుంది. డాన్సరుగా మొదలై లూబిచ్ సినిమాలతో తారైన ఆమె, నిజ జీవితంలో కూడా ఓ హంగరీ బ్యారన్‌ను పెళ్లి చేసుకుంది. నిలవలేదు. టాకీలొచ్చాక వేషాలు తగ్గిపోయాయి. 1947లో ప్రాగ్‌లో, చేతిలో డబ్బు లేని స్థితిలో చనిపోయింది. అదే ఏడాది నవంబర్ 30న హాలీవుడ్‌లో లూబిచ్ గుండెపోటుతో పోయాడు. ఫాల్కెన్‌స్టైన్ 1933లోనే వెళ్లిపోయాడు. హ్యారీ లీట్కె 1945లో, యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, భార్యను కాపాడబోయి సోవియట్ సైనికుల చేతిలో మరణించాడు.

ఎక్కువ కాలం నడిచింది ఆ బ్యాండ్ మాస్టరే. బాలనటుడిగా మొదలైన కుర్ట్ బోయిస్ యూదుడు కావడంతో నాజీలొచ్చాక దేశం విడిచాడు. 1942 నాటి ‘కాసాబ్లాంకా’లో జేబుదొంగల గురించి జాగ్రత్త చెబుతూనే జేబు కొట్టేసే పెద్దమనిషి గుర్తున్నాడా? ఆయనే. తర్వాత బెర్లిన్ తిరిగొచ్చి, 1987లో విమ్ వెండర్స్ ‘వింగ్స్ ఆఫ్ డిజైర్’లో వృద్ధ కథకుడిగా కనిపించాడు.

‘ఆల్చిప్పల రాకుమారి’ పునరుద్ధరించిన ప్రింటు ఇప్పుడు డిస్కుల మీద దొరుకుతుంది. గంట నిడివి, నాలుగు అంకాలు. జర్మన్ టైటిల్ కార్డుల కింద ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటాయి. వాటి అవసరం కూడా తక్కువే. మూకీలు ఇంతకుముందు చూడనివాళ్లు చాప్లిన్, కీటన్ తర్వాత దీన్ని పెట్టుకోవచ్చు. నచ్చితే వెంటనే ‘బొమ్మ’, ఆ తర్వాత ఒస్సీ మగవేషంలో ఊరు తిరిగే 1918 నాటి ‘నాకు మగాణ్ని కావాలని లేదు’ చూడండి. ఒక్క మాట, నేపథ్య సంగీతం ఒక్కో కాపీకి ఒక్కోలా ఉంటుంది. ఫాక్స్‌ట్రాట్ ఘట్టంలో డ్రమ్ము లేని కాపీ దొరికితే ధ్వని పూర్తిగా ఆపేసి చూడండి. కుర్ట్ బోయిస్ నడుము ఆ లోటు తెలియనివ్వదు.